బ్యాచ్ ఫైల్‌తో ఫైలు వయసు చూడటం: బ్యాకప్ కాపాడుకోవడానికి సమగ్ర మార్గదర్శి

కర్నూలు హోల్‌సేల్ కొట్లలో, ఆదోని పత్తి మిల్లుల్లో, అనంతపురం మండీల్లో, ప్రొద్దుటూరు బంగారం దుకాణాల్లో లెక్కలన్నీ ఇప్పుడు ఒక విండోస్ కంప్యూటర్‌లోనే ఉంటున్నాయి. రాత్రి కొట్టు కట్టేసే ముందు బ్యాకప్ పడుతుంది. అక్కడి గుమాస్తాలు, కంప్యూటర్ చూసే కుర్రాళ్ళు పదేపదే అడిగే ప్రశ్నలు రెండు. నిన్న రాత్రి బ్యాకప్ నిజంగా పడిందో లేదో స్క్రిప్టే (కమాండ్లు వరసగా రాసి పెట్టిన బ్యాచ్ ఫైలే) చూసి చెప్పాలంటే ఎలా? రోజులు దాటిన పాత బ్యాకప్‌లను దానంతట అదే తీసేయాలంటే ఎలా?

రెండింటికీ మూలం ఒకటే, ఫైలు వయసు. అయితే ఈ రెండు పనులనూ వేర్వేరు స్క్రిప్టులుగా రాయకూడదు. కొత్త బ్యాకప్ ఉందని తేలాకే పాతదాని మీద చెయ్యి వెయ్యాలి. బ్యాకప్ ఆగిపోయిన సంగతి తెలియకుండా, పాతవి తీసే స్క్రిప్టు మాత్రం రోజూ నడుస్తుంటే, గడువు దాటేసరికి ఫోల్డర్‌లో ఒక్క కాపీ కూడా మిగలదు. కింది పద్ధతి అంతా ఈ వరస చుట్టూనే ఉంది.

ఉదాహరణగా ఆదోని పత్తి మిల్లు ఒకటి అనుకుందాం. లారీ కాటా లెక్కలు రోజూ రాత్రి 9 గంటలకు జిప్ ఫైలుగా డి డ్రైవ్‌లోని బ్యాకప్ ఫోల్డర్‌లోకి వస్తాయి. మరుసటి రోజు ఉదయం 8 గంటలకు మన స్క్రిప్టు వాటిని చూస్తుంది.

1. కమాండ్లు చదివే పద్ధతి

ఇక్కడ కమాండ్లను పలికినట్టే తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాం. మీరు నోట్‌ప్యాడ్‌లో ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి. గుర్తులు, ఖాళీలు, అంకెలు ఎలా ఉన్నవి అలాగే ఉండాలి. స్పెల్లింగ్ దగ్గర అనుమానం వచ్చే మాటలు ఇవి:

- ఫర్‌ఫైల్స్: ఎఫ్-ఓ-ఆర్-ఎఫ్-ఐ-ఎల్-ఈ-ఎస్, మధ్యలో ఖాళీ లేదు
- ఎర్రర్‌లెవెల్, సెట్‌లోకల్, నోప్రొఫైల్, లిటరల్‌పాత్, టోటల్‌మినిట్స్: ఇవన్నీ ఒకే మాటగా, కలిపి రాయాలి
- లాస్ట్‌రైట్‌టైమ్: ఇందులో రైట్ అంటే రాయడం, డబ్ల్యూతో మొదలవుతుంది
- ఎల్ఎస్ఎస్ అంటే తక్కువ, జిటిఆర్ అంటే ఎక్కువ. మూడు అక్షరాల చొప్పున
- డిఐఆర్, డిఈఎల్, సిఎండి: మూడు అక్షరాల కమాండ్లు
- నల్: ఎన్-యు-ఎల్, ఒక్క ఎల్ మాత్రమే

చిన్న అక్షరాలతో కొట్టినా చాలు. ఒక్క ఫాల్స్ అనే మాట మాత్రం పెద్ద అక్షరాల్లోనే ఉండాలి. కారణం నాలుగో అంశంలో ఉంది.

2. మొదలుపెట్టే ముందు చూసుకోవాల్సినవి

ముందు ఏ తేదీని వయసుగా లెక్కిస్తున్నామో తేల్చుకోండి. విండోస్ ప్రతి ఫైలుకూ మూడు తేదీలు పెట్టుకుంటుంది: తయారైనది, చివరిసారి మార్చినది, చివరిసారి తెరిచినది. మనకు కావాల్సింది మార్చిన తేదీ. ఫైలును పెన్‌డ్రైవ్ నుంచి కాపీ చేస్తే తయారైన తేదీ కాపీ చేసిన క్షణానికి మారిపోతుంది, మార్చిన తేదీ మాత్రం పాతదే నిలుస్తుంది. అందుకే కొన్ని ఫైళ్ళు పుట్టకముందే మార్చినట్టు కనిపిస్తాయి. అది లోపం కాదు. తెరిచిన తేదీని చాలా మిషన్లలో విండోస్ ఎప్పటికప్పుడు రాయదు కాబట్టి దాన్ని అసలు నమ్ముకోవద్దు.

తర్వాత గడియారం. వయసు అంటే ఇప్పటి సమయంలోంచి ఫైలు సమయం తీసివేయడమే. గడియారం తప్పయితే లెక్కంతా తప్పే. మన వైపు కరెంటు పోయి వచ్చే చోట, పాత డెస్క్‌టాప్‌లలో, మదర్‌బోర్డు మీది సిఆర్2032 బ్యాటరీ అయిపోతే కరెంటు పూర్తిగా పోయిన ప్రతిసారీ తేదీ ఏళ్ళ వెనక్కి పోతుంది. ఆ రోజు పడిన బ్యాకప్‌కు ఆ పాత తేదీయే పడుతుంది. ఇంటర్నెట్ తగలగానే గడియారం సరిపడితే, నిన్నటి బ్యాకప్ ఏళ్ళ నాటిదిగా కనిపించి, పాతవి తీసే కమాండ్‌కు మొదట అదే చిక్కుతుంది. 3 వోల్టుల ఈ బిళ్ళ బ్యాటరీ మార్చడం చిన్న పని. ముందు అది చేయించండి.

టైమ్ జోన్ కూడా చూడండి. కమాండ్ ప్రాంప్ట్ అంటే కమాండ్లు కొట్టే నల్ల కిటికీ. కమాండ్ ప్రాంప్ట్‌లో టిజడ్‌యుటిల్ /జి అని కొడితే ఇండియా స్టాండర్డ్ టైమ్ అని రావాలి. విండోస్ కొత్తగా వేసినప్పుడు అమెరికా పసిఫిక్ టైమ్ అలాగే ఉండిపోయిన మిషన్లు చాలా ఉంటాయి. అలాంటి చోట గడియారాన్ని చేత్తో తిప్పి సరిచేసుకుంటారు, జోన్ మార్చరు. ఇంటర్నెట్ సమయంతో కలవగానే అది మళ్ళీ తప్పుతుంది.

ఇవి సరిచూసుకున్నాకే ముందుకెళ్ళండి:

- తేదీ, సమయం, టైమ్ జోన్ సరిగ్గా ఉన్నాయి
- బ్యాకప్ ఫోల్డర్‌లో బ్యాకప్ జిప్‌లు తప్ప వేరే జిప్‌లు లేవు
- పరీక్షకు డి డ్రైవ్‌లో టెస్ట్ అనే వేరే ఫోల్డర్ ఉంది
- ఫైలు పొడిగింపులు కనపడేలా ఎక్స్‌ప్లోరర్‌లో టిక్ పెట్టారు. లేకపోతే మీ స్క్రిప్టు చెక్.బ్యాట్.టిఎక్స్‌టి అనే పేరుతో సేవ్ అయి ఎప్పటికీ నడవదు

3. రోజుల లెక్కకు ఫర్‌ఫైల్స్

ఫర్‌ఫైల్స్ అంటే పేరు, తేదీ చూసి ఫైళ్ళను ఏరే కమాండ్. ఇది విండోస్ విస్టా నుంచి ప్రతి మిషన్‌లోనూ ఉంది. ఏమీ దించుకోనక్కరలేదు. ముందుగా కమాండ్ ప్రాంప్ట్‌లో ఇలా కొట్టి చూడండి:

ఫర్‌ఫైల్స్ /పి "డి:\టెస్ట్" /ఎం *.జిప్ /డి -7 /సి "సిఎండి /సి ఎకో @పాత్ @ఎఫ్‌డేట్"

పి అంటే ఫోల్డర్, ఎం అంటే పేరు నమూనా, డి అంటే వయసు, సి అంటే దొరికిన ఒక్కో ఫైలు మీద చేయాల్సిన పని. 7 రోజుల కిందటివి, అంతకన్నా పాతవి తెర మీద వరుసగా కనిపిస్తాయి. లోపలి ఫోల్డర్లు కూడా వెతకాలంటే /ఎస్ చేర్చాలి. పాతవి తీసే పనిలో మాత్రం /ఎస్ వాడకండి. ఎవరో ఎప్పుడో లోపల పెట్టుకున్న ఫోల్డర్ దాకా అది పోతుంది.

ఫోల్డర్ పేరు చివర వెనక్కి వాలిన గీత పెట్టకూడదు. "డి:\టెస్ట్\" అని రాస్తే ఆ గీత పక్కనున్న కోట్ గుర్తును మింగేసి, ఆర్గ్యుమెంట్ తప్పు అని చెబుతుంది. స్క్రిప్టు ఉన్న ఫోల్డర్‌నే సూచించాలంటే "%~డిపి0." అని చివర చుక్క పెట్టండి. ఆ రూపం ఎప్పుడూ గీతతోనే ముగుస్తుంది, చుక్క దాన్ని కాపాడుతుంది.

ఇంకో సంగతి. ఫర్‌ఫైల్స్ గంటలు చూడదు, తేదీ ఒక్కటే చూస్తుంది. నిన్న రాత్రి 11:58కి రాసిన ఫైలు ఇవాళ 12:02కే దాని లెక్కలో ఒక రోజు పాతది. నాలుగు నిమిషాల ఫైలు ఒక రోజుదైపోయింది. పదిహేను రోజుల నాటివి తీసేయడానికి ఈ తేడా లెక్కలోకి రాదు. నిన్న రాత్రిదా, మొన్న రాత్రిదా అని తేల్చడానికి మాత్రం ఇది చాలదు.

4. ప్లస్, మైనస్: అందరూ జారే చోటు

ఎక్కువ స్క్రిప్టులు తప్పేది ఇక్కడే. నిదానంగా చదవండి.

/డి -7 అంటే ఇవాళ్టి తేదీలోంచి 7 తీసివేస్తే వచ్చే రోజుకు గానీ, అంతకు ముందుకు గానీ చెందిన ఫైళ్ళు. ఇవాళ 20వ తేదీ అయితే 13, అంతకు ముందువి. ఇందులో తికమక లేదు.

/డి +7 అంటే గత 7 రోజుల్లోవి అని అనుకుంటారు. కాదు. ఇవాళ్టికి 7 కలిపితే వచ్చే రోజు, ఆ తర్వాతి తేదీలున్న ఫైళ్ళు. ఇవాళ 20 అయితే 27, ఆ పైవి, అంటే భవిష్యత్తువి. గడియారం సరిగ్గా ఉన్న మిషన్‌లో అలాంటి ఫైలు ఉండదు. అందుకే ఈ కమాండ్ ఎప్పుడూ ఫైళ్ళేమీ దొరకలేదనే చెబుతుంది, స్క్రిప్టు పాడైందని మనం వెతుక్కుంటూ కూర్చుంటాం.

గుర్తు పెట్టకుండా ఉత్త /డి 7 అని రాస్తే? అది ప్లస్సే. మైనస్ మరిచిపోయినవాళ్ళకు పాతవి ఎన్నటికీ తీసివేత కావు, డిస్క్ నిండిపోతుంది.

/డి +0 మాత్రం పనికొస్తుంది. ఇవాళ్టి తేదీ, ఆ పైవి అని దానర్థం. బ్యాకప్ ఉదయం 6కి పడి, 8కి చెక్ నడిస్తే ఇది సరిపోతుంది. రాత్రి 9కి పడే మన ఉదాహరణలో ఉదయానికి తేదీ మారిపోయి ఉంటుంది కాబట్టి పనికిరాదు.

అలాగే /డి +1 కూడా ఒక మంచి పనికి వస్తుంది. రేపటి తేదీ, ఆ పైవి దొరికాయంటే ఈ మిషన్ గడియారం ఎప్పుడో ముందుకు జరిగిందన్న మాట. అలాంటి ఫైలు ఎప్పుడూ కొత్తదిగానే కనిపిస్తూ, ఆగిపోయిన బ్యాకప్‌ను దాచేస్తుంది.

తేదీనే నేరుగా ఇచ్చి అడిగే పద్ధతి కూడా ఉంది. దాని రూపం మిషన్ ప్రాంతీయ అమరికను బట్టి మారుతుంది. 03-04 అంటే ఒక మిషన్‌లో ఏప్రిల్ 3, ఇంకోదానిలో మార్చి 4. మూడు కంప్యూటర్లలో ఒకే స్క్రిప్టు వాడేవాళ్ళు అటువైపు పోవద్దు.

ఇక ఫాల్స్ సంగతి. ఫర్‌ఫైల్స్ ఫైళ్ళతో పాటు ఫోల్డర్లనూ పట్టుకుంటుంది. నమూనా దగ్గర ఉత్త నక్షత్రం పెడితే ఇది తప్పక ఎదురవుతుంది. అందుకని పని భాగాన్ని ఇలా రాయాలి:

/సి "సిఎండి /సి ఇఫ్ @ఈజ్‌డిర్==ఫాల్స్ ఎకో @పాత్"

ఈజ్‌డిర్ అంటే ఐ-ఎస్-డి-ఐ-ఆర్. దీని జవాబు పెద్ద అక్షరాల్లో వస్తుంది, ఇఫ్ కమాండ్ పెద్ద చిన్న అక్షరాలను వేరుగా చూస్తుంది. చిన్న అక్షరాల్లో రాస్తే రెండూ ఎప్పుడూ కలవవు, పని జరగదు, తప్పు సందేశమూ రాదు.

పాత్ అనే రూపం చుట్టూ కోట్ గుర్తులు దానంతట అవే వస్తాయి. మీరు మళ్ళీ పెట్టనక్కరలేదు. సి లోపల వేరేచోట కోట్ గుర్తు కావాలంటే 0ఎక్స్22 అని రాయండి.

5. దొరికిందా లేదా స్క్రిప్టుకు తెలియడం

ప్రతి కమాండూ ముగిశాక ఎర్రర్‌లెవెల్ అనే సంఖ్య మిగులుస్తుంది. ఫైలు దొరికితే ఫర్‌ఫైల్స్ ఎర్రర్‌లెవెల్ 0 ఇస్తుంది, దొరక్కపోతే 1. అసలు ఫోల్డరే లేకపోయినా 1 ఇస్తుంది, అదే ప్రమాదం. పాత ఫైలు లేకపోవడం మంచి వార్త. ఫోల్డర్ లేకపోవడం, అంటే పెన్‌డ్రైవ్ ఊడిపోవడమో డ్రైవ్ అక్షరం మారడమో, చెడ్డ వార్త. రెండింటికీ సంఖ్య ఒకటే. అందుకే ఫోల్డర్ ఉందో లేదో ముందే విడిగా చూడాలి.

ఒక్క ఫైలు పేరు స్థిరంగా ఉంటే, రోజూ దాని మీదే కొత్తది రాసే పద్ధతి అయితే, తిరగేసి అడగడం తేలిక:

ఫర్‌ఫైల్స్ /పి "డి:\బ్యాకప్" /ఎం కాటా.జిప్ /డి -2 >నల్ 2>నల్
ఇఫ్ నాట్ ఎర్రర్‌లెవెల్ 1 ఎకో పాతబడింది

మొన్నటిదో అంతకన్నా పాతదో అయితే దొరుకుతుంది, అంటే 0. నిన్నటిదో ఇవాళ్టిదో అయితే దొరకదు. ఇఫ్ ఎర్రర్‌లెవెల్ 1 అంటే 1 లేదా అంతకన్నా ఎక్కువ అని అర్థం, సరిగ్గా 1 అని కాదు. సందేశాన్ని కూడా ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టండి, తెలుగు లిపి కమాండ్ ప్రాంప్ట్‌లో సరిగ్గా కనపడదు.

6. గంటలు, నిమిషాల లెక్క

బ్యాచ్ భాషకు తేదీలు కూడటం, తీయడం రాదు. చాలామంది ఇవాళ్టి తేదీ దాచి ఉండే డేట్ అనే వేరియబుల్‌ను ముక్కలు చేసి లెక్క కట్టబోతారు. రెండు చోట్ల దెబ్బ తింటారు. ఇంగ్లిష్ ఇండియా అమరికలో రోజు ముందు వస్తుంది, అమెరికా అమరికలో నెల ముందు వస్తుంది, ముక్కలు తారుమారవుతాయి. ఇంకా, సెట్ /ఏ దగ్గర 08, 09 అని రాస్తే సున్నాతో మొదలైన సంఖ్యను అది 0 నుంచి 7 దాకా అంకెలే ఉండే ఆక్టల్ పద్ధతిలో చదివి, చెల్లని సంఖ్య అంటుంది. ఏడో తేదీ దాకా బాగా నడిచి ఎనిమిదిన ఆగిపోయే స్క్రిప్టులకు కారణం ఇదే.

డబ్ల్యూఎంఐసి అనే కమాండ్‌తో తేదీ తీసే పాత చిట్కా ఉంది. విండోస్ 11 కొత్త వెర్షన్లలో అది మామూలుగా ఉండదు. కొత్తగా రాసేవాళ్ళు దాన్ని వదిలేయడమే మంచిది.

సరైన దారి, ఆ ఒక్క లెక్కను విండోస్‌లోనే ఉండే మరో కమాండ్ భాష అయిన పవర్‌షెల్‌కు ఇచ్చి, జవాబును బ్యాచ్‌లోకి తెచ్చుకోవడం. స్క్రిప్టులో ఇలా, అంతా ఒకే వరసలో:

ఫర్ /ఎఫ్ %%ఏ ఇన్ ('పవర్‌షెల్ -నోప్రొఫైల్ -కమాండ్ "[మ్యాథ్]::ఫ్లోర్(((గెట్-డేట్)-(గెట్-ఐటమ్ -లిటరల్‌పాత్ $ఈఎన్‌వి:న్యూ).లాస్ట్‌రైట్‌టైమ్).టోటల్‌మినిట్స్)"') డూ సెట్ "ఏజ్=%%ఏ"

ఇది ఫైలు వయసును నిమిషాల్లో, పూర్ణ సంఖ్యగా ఏజ్ అనే వేరియబుల్‌లో పెడుతుంది. ఫైలు పేరును నేరుగా అతికించకుండా న్యూ అనే వేరియబుల్ ద్వారా పంపడం కావాలనే చేసింది. పేరులో ఖాళీలున్నా, ఒంటి కోట్ ఉన్నా పగలదు.

పవర్‌షెల్ స్క్రిప్టులు ఈ మిషన్‌లో నిషేధం అని వస్తుందేమో అని కొందరి భయం. ఆ నిషేధం విడి స్క్రిప్టు ఫైళ్ళకే వర్తిస్తుంది, ఇలా కమాండ్‌గా ఇచ్చినదానికి కాదు. మొదలవడానికి కొంచెం సమయం పడుతుంది కాబట్టి వందల ఫైళ్ళకు ఒక్కొక్కసారి పిలవకండి. కొత్త ఫైలు ఒక్కదానికే పిలవండి.

7. పూర్తి స్క్రిప్టు

వరస ఇది: ఫోల్డర్ ఉందా, అందులో జిప్ ఉందా, అది ఖాళీదా, వయసు తెలిసిందా, భవిష్యత్తు తేదీయా, గడువు దాటిందా. ఈ ఆరూ దాటితేనే పాతవి తీయడం. ప్రతి వైఫల్యానికీ వేరే సంఖ్య పెట్టాం.

@ఎకో ఆఫ్
సెట్‌లోకల్
సెట్ "ఫోల్డర్=డి:\బ్యాకప్"
సెట్ "లాగ్=డి:\లాగ్\చెక్.టిఎక్స్‌టి"
సెట్ "న్యూ="
సెట్ "ఏజ్="

ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్ "%ఫోల్డర్%\" (సెట్ "ఆర్‌సి=1" & గోటూ బ్యాడ్)

ఫర్ /ఎఫ్ "డెలిమ్స్=" %%ఎఫ్ ఇన్ ('డిఐఆర్ /బి /ఏ-డి /ఓ-డి "%ఫోల్డర్%\*.జిప్" 2^>నల్') డూ ఇఫ్ నాట్ డిఫైన్డ్ న్యూ సెట్ "న్యూ=%ఫోల్డర్%\%%ఎఫ్"
ఇఫ్ నాట్ డిఫైన్డ్ న్యూ (సెట్ "ఆర్‌సి=2" & గోటూ బ్యాడ్)

ఫర్ %%ఎఫ్ ఇన్ ("%న్యూ%") డూ ఇఫ్ %%~జెడ్ఎఫ్ ఎల్ఎస్ఎస్ 1024 (సెట్ "ఆర్‌సి=3" & గోటూ బ్యాడ్)

ఇక్కడ ఆరో అంశంలోని పవర్‌షెల్ వరస పెట్టండి. ఆ తర్వాత:

ఇఫ్ నాట్ డిఫైన్డ్ ఏజ్ (సెట్ "ఆర్‌సి=4" & గోటూ బ్యాడ్)
ఇఫ్ %ఏజ్% ఎల్ఎస్ఎస్ 0 (సెట్ "ఆర్‌సి=5" & గోటూ బ్యాడ్)
ఇఫ్ %ఏజ్% జిటిఆర్ 1560 (సెట్ "ఆర్‌సి=6" & గోటూ బ్యాడ్)

ఫర్‌ఫైల్స్ /పి "%ఫోల్డర్%" /ఎం *.జిప్ /డి -15 /సి "సిఎండి /సి ఇఫ్ @ఈజ్‌డిర్==ఫాల్స్ ఎకో @పాత్" 2>నల్
>>"%లాగ్%" ఎకో %డేట్% %టైమ్% ఓకే %ఏజ్%
ఎగ్జిట్ /బి 0

:బ్యాడ్
>>"%లాగ్%" ఎకో %డేట్% %టైమ్% ఫెయిల్ %ఆర్‌సి%
ఎగ్జిట్ /బి %ఆర్‌సి%

డిఐఆర్ దగ్గరి /ఓ-డి కొత్తవాటిని ముందు పెడుతుంది, మనం మొదటి పేరును మాత్రమే పట్టుకుంటున్నాం. 1024 బైట్ల హద్దు కనీస రక్షణ మాత్రమే. మీ జిప్ రోజూ 40 మెగాబైట్లు ఉంటే హద్దును దానికి తగ్గట్టు పెంచుకోండి.

1560 నిమిషాలంటే 26 గంటలు. ఎందుకీ సంఖ్య? రాత్రి 9కి పడిన బ్యాకప్‌కు ఉదయం 8కి 11 గంటల వయసు. ఒక రాత్రి తప్పితే 35 గంటలు. హద్దు ఈ రెండింటి మధ్య ఉండాలి, ఇరువైపులా కాస్త సందు ఉండాలి. ఆదివారం మిల్లు మూసి బ్యాకప్ కూడా ఆపితే సోమవారం ఉదయం అనవసరంగా అలారం మోగుతుంది. హద్దును పెంచుకుంటూ పోవడం పరిష్కారం కాదు. సెలవు రోజున కూడా బ్యాకప్ నడవనివ్వండి.

పాతవి తీసే వరసలో ఇప్పుడు పేరును తెర మీద చూపే ఎకో మాత్రమే ఉందని గమనించారా? అది కావాలనే. పరీక్షలన్నీ అయ్యాకే ఎకో @పాత్ స్థానంలో డిఈఎల్ @పాత్ పెట్టాలి. డిఈఎల్ తీసినది రీసైకిల్ బిన్‌లోకి పోదు.

లాగ్ (ఫలితాలు నమోదయ్యే ఫైలు) వరసల్లో బాణం గుర్తులను ముందే ఎందుకు పెట్టామంటే, చివర పెట్టి ఫెయిల్ 1>>లాగ్ అన్నట్టు వస్తే ఆ 1ని సంఖ్యగా కాకుండా దారి మళ్ళించే గుర్తులో భాగంగా చదువుతుంది. లాగ్‌లో సంఖ్య మాయమవుతుంది. లాగ్ ఫోల్డర్‌ను ముందే చేసి పెట్టుకోండి, స్క్రిప్టు దాన్ని తయారుచేయదు.

8. పరీక్ష

సెట్ ఫోల్డర్ అనే వరసలో ఫోల్డర్‌ను డి:\టెస్ట్ గా మార్చి, ఒక్కో స్థితినీ చేత్తో సృష్టించి చూడండి. పది రోజులు ఆగనక్కరలేదు, ఫైలు తేదీని మనమే మార్చవచ్చు. పవర్‌షెల్ కిటికీలో:

(గెట్-ఐటమ్ 'డి:\టెస్ట్\కాటా.జిప్').లాస్ట్‌రైట్‌టైమ్ = (గెట్-డేట్).యాడ్‌డేస్(-20)

తిరిగి ఇప్పటి సమయానికి తేవాలంటే ఆ ఫోల్డర్‌లోకే వెళ్ళి కమాండ్ ప్రాంప్ట్‌లో కాపీ /బి కాటా.జిప్+,, అని కొట్టండి. ఖాళీ ఫైలుకు టైప్ నల్ >ఖాళీ.జిప్.

- కొత్త మంచి ఫైలు ఒక్కటే ఉన్నప్పుడు: 0 రావాలి
- 20 రోజులది ఒక్కటే ఉన్నప్పుడు: 6 రావాలి, తీసే జాబితా అసలు కనపడకూడదు
- 20 రోజులది, కొత్తది రెండూ: 0 రావాలి, జాబితాలో పాతది ఒక్కటే ఉండాలి
- అన్నిటికన్నా కొత్తది ఖాళీ ఫైలైతే: 3
- యాడ్‌డేస్ దగ్గర 2 పెట్టి ముందుకు జరిపితే: 5
- ఫోల్డర్ పేరు మార్చేస్తే: 1

స్క్రిప్టు నడిచాక ఎకో %ఎర్రర్‌లెవెల్% కొడితే సంఖ్య కనిపిస్తుంది. రెండో పరీక్ష అన్నిటికన్నా ముఖ్యం. మిగిలి ఉన్న ఒకే ఒక్క బ్యాకప్‌ను స్క్రిప్టు ముట్టుకోకూడదు. అది తప్పితే ముందుకు పోకండి.

9. టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టడం

టాస్క్ షెడ్యూలర్ అంటే చెప్పిన వేళకు స్క్రిప్టును దానంతట అదే నడిపే విండోస్ సాధనం. చేత్తో నడిపితే నడిచి, షెడ్యూలర్‌లో నడవని స్క్రిప్టులకు సాధారణంగా కారణాలు ఇవి. నెట్‌వర్క్ డ్రైవ్‌కు మీరు పెట్టుకున్న జడ్ లాంటి అక్షరం షెడ్యూలర్‌కు కనపడదు. స్టార్ట్ ఇన్ గడిలో కోట్ గుర్తులు పెడితే పని మొదలవదు, అక్కడ ఫోల్డర్ పేరు ఉత్తగా రాయాలి. ల్యాప్‌టాప్ అయితే కండిషన్స్ ట్యాబ్‌లో ఏసీ పవర్ ఉంటేనే మొదలుపెట్టు అనే టిక్ ముందే ఉంటుంది. కరెంటు లేని ఉదయం ఆ రోజు చెక్ నడవదు, ఎవరికీ తెలియదు. ఆ టిక్ తీసేయండి.

సెట్టింగ్స్ ట్యాబ్‌లో, తప్పిపోయిన పనిని వీలైనంత త్వరగా నడుపు అనే టిక్ పెట్టండి. 8 గంటలకు మిషన్ ఆపి ఉన్నా, వేయగానే చెక్ నడుస్తుంది.

లాస్ట్ రన్ రిజల్ట్ గడిలో మన సంఖ్యలే 0ఎక్స్6 వంటి రూపంలో కనిపిస్తాయి. కానీ ఆ గడిని రోజూ ఎవరూ తెరవరు. బ్యాడ్ భాగంలో ఇంకో వరస చేర్చి, సి:\యూజర్స్\పబ్లిక్\డెస్క్‌టాప్ లో బ్యాకప్_ఆగింది.టిఎక్స్‌టి అనే ఫైలు రాయించండి. ఎవరు లాగిన్ అయినా డెస్క్‌టాప్ మీద అది ఎదురుగా కనపడుతుంది. అక్కడ రాయడానికి అడ్మిన్ హక్కు కావాలి కాబట్టి టాస్క్‌లో హైయెస్ట్ ప్రివిలేజెస్ టిక్ పెట్టాలి. ఓకే దారిలో ఆ ఫైలును తీసేసే వరస కూడా తప్పక ఉండాలి. సమస్య తీరినా హెచ్చరిక పోకపోతే, వారంలో దాన్ని చూడటం మానేస్తారు.

10. తరచుగా వచ్చే తప్పులు, వాటి సవరణలు

శాతం గుర్తు ఒకటి, రెండు. కమాండ్ ప్రాంప్ట్‌లో నేరుగా కొట్టేటప్పుడు ఫర్ వరసలో %ఎఫ్, బ్యాచ్ ఫైల్‌లో %%ఎఫ్. ఒకచోట నడిచినది ఇంకోచోట అతికిస్తే ఆగడానికి ఇదే కారణం.

వేరియబుల్ పేరుగా పాత్ వాడటం. ఆ పేరు విండోస్‌ది. దాన్ని మారిస్తే ఆ క్షణం నుంచి ఫర్‌ఫైల్స్, పవర్‌షెల్ రెండూ దొరకలేదని వస్తుంది. డేట్, టైమ్ కూడా వాడవద్దు.

సమానం గుర్తుకు అటూ ఇటూ ఖాళీ. సెట్ ఏజ్ = 5 అంటే ఖాళీతో ముగిసే వేరే పేరు పుడుతుంది. పైన రాసినట్టు మొత్తాన్ని కోట్ గుర్తుల్లో పెట్టండి.

మొదటి వరసలోనే వింత అక్షరాలతో తప్పు. ఫైలును బామ్ (మొదట్లో చేరే కనపడని గుర్తు) ఉన్న యూటీఎఫ్-8గా సేవ్ చేశారు. నోట్‌ప్యాడ్‌లో సేవ్ యాజ్ తెరిచి ఎన్‌కోడింగ్ దగ్గర ఏఎన్‌ఎస్‌ఐ ఎంచుకోండి. బ్యాకప్ ఫోల్డర్ పేరును తెలుగు లిపిలో పెట్టుకున్నవాళ్ళు దాన్ని ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చుకుంటే చాలా చిక్కులు తప్పుతాయి.

నెట్‌వర్క్ ఫోల్డర్. రెండు గీతలతో మొదలయ్యే చిరునామాను ఫర్‌ఫైల్స్ తీసుకోదు. ముందు పుష్‌డి "\\సర్వర్\బ్యాకప్" అని కొడితే విండోస్ తాత్కాలికంగా ఒక డ్రైవ్ అక్షరం ఇస్తుంది. ఫర్‌ఫైల్స్‌ను /పి లేకుండా నడిపి, చివర పాప్‌డి కొట్టండి. పుష్‌డి విఫలమైతే వెంటనే బయటికి వచ్చేలా రాయాలి. లేకపోతే స్క్రిప్టు ఏ ఫోల్డర్‌లో ఉంటే అక్కడి జిప్‌లే పోతాయి.

సగం పడిన జిప్. బ్యాకప్ నడుస్తుండగా కరెంటు పోతే సగం ఫైలు కొత్త తేదీతో, కొంత సైజుతో మిగులుతుంది. వయసు, సైజు రెండు పరీక్షలూ దాన్ని దాటనిస్తాయి. దీనికి మందు చెక్ స్క్రిప్టులో లేదు, బ్యాకప్ స్క్రిప్టులో ఉంది. ముందుగా కాటా.టిఎంపి పేరుతో రాయించి, పని తప్పు లేకుండా ముగిశాకే పేరును జిప్‌గా మార్చండి. పేరు మార్చితే మార్చిన తేదీ చెదరదు. సగంలో ఆగినది టిఎంపిగానే ఉండిపోయి, జిప్‌ల కోసం వెతికే మన చెక్‌కు కనపడదు, ఉదయానికి 6 వస్తుంది.